నేను తీసేసిన ఊరి పేరు

ఎడిసన్‌లో మా ఇంటి నుంచి రోజూ రైల్లో వెళ్లి, ఒక మ్యూజియంలో కాంట్రాక్టు మీద కేటలాగ్ సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. కెనడా పడమటి తీరానికి చెందిన క్వాక్వకావక్వ ప్రజల వస్తువులన్నీ అక్కడ ‘క్వాకియుటల్’ అనే పేరు కింద ఉండేవి. నిజానికి అది వాళ్లలో ఒక్క ఊరివాళ్ల పేరు. ఇంగ్లీషువాళ్లు దాన్నే అందరికీ తగిలించారు. క్వాక్వకావక్వ అంటే క్వాక్వాలా భాష మాట్లాడేవాళ్లు. అందరూ కలిసి తమకు పెట్టుకున్న పేరు అది.

కేటలాగ్‌లో ఆ పేరు పెట్టే పని క్యూరేటర్ నాకు అప్పగించింది. “పాత కార్డులు ఒక్కోటీ చూసి మార్చండి. నిజంగా ఆ ఊరివాళ్లవే కొన్ని ఉంటాయి. వాటిని కదపొద్దు,” అంది.

నేను కార్డుల సొరుగు తెరవలేదు. ఒకే ఒక్క కమాండ్‌తో పాత పేరున్న చోటల్లా కొత్తది పెట్టేశాను. వస్తువుల పక్కన పెట్టే లేబుళ్లూ దాన్నుంచే అచ్చయ్యాయి. అన్నీ చూశారా అని ఆమె అడిగితే, చూశానన్నాను.

నెల తిరక్కుండానే, తన తాత చెక్కిన కొయ్య మాస్కు చూడడానికి ఆ ఊరి పెద్దావిడ ఒకరు గురువారం వస్తున్నారని తెలిసింది. పాత ఫైలు కోసం వెతికాను. పేర్లు మార్చిన రోజే దాని మీద కొత్తది సేవ్ చేసేశాను. కార్డులు చూద్దామంటే, వాడకుండానే తిరిగిచ్చేసిన సొరుగుల తాళంచెవి క్యూరేటర్‌ని మళ్లీ అడగాలి.

“క్యూరేటర్‌కి చెప్పేయండి,” అంది మా ఆవిడ.

“నా కాంట్రాక్టు రెన్యూవల్ వచ్చే నెలే. ఆవిడ లేబుల్ చదువుతుందని గ్యారంటీ ఏంటి?”

“మీ తాత చేసిన వస్తువైతే మీరు చదవరా?”

బుధవారం కూడా క్యూరేటర్ గది దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

గురువారం పెద్దావిడ మాస్కు ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని లేబుల్ చదివింది.

“మేము క్వాకియుటల్. ఆ పేరేదీ?”

క్యూరేటర్ తప్పు తనదే అన్నట్టు క్షమాపణ మొదలుపెట్టింది. ఆమె రెండు మాటలు పూర్తి చేసేదాకా నేను వింటూ ఊరుకున్నాను. ఈనాటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

“నేనే తీసేశాను. కార్డులు చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను,” అన్నాను చివరికి.

“ముందు మా పేరు తీసి అందరికీ పెట్టారు. ఇప్పుడు నువ్వు అందరి పేరూ తెచ్చి మాకు పెట్టావు. ఇలాంటివి ఇంకెన్ని?”

“తెలియదు.”

క్యూరేటర్ నా వైపు చూడకుండానే కార్డుల సొరుగుల తాళంచెవి బల్ల మీద పెట్టింది. పెద్దావిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“ఒక్కో కార్డూ పైకి చదువు,” అంది.