కారు ముందు ఆరని కుంకుమ

అది 1984. తిరువళ్ళూరులో తిరుత్తణి రోడ్డు మీద నాకొక రేకుల షెడ్డు ఉండేది. అంతకుముందు మందుల షాపుల ఫ్రిజ్‌లు, సోడా దుకాణాల ఐసు పెట్టెలు బాగుచేసేవాణ్ణి. ఆ ఏడాదికి కార్లకు ఏసీ బిగించే పనిలోకి దిగాను. అప్పట్లో కారు ఏసీతో వచ్చేది కాదు. కావలసినవాళ్ళు విడిగా తెచ్చి మాలాంటివాళ్ళ చేత బిగించుకునేవారు. ఊళ్ళో నా పేరు గ్యాసు కోదండం. గ్యాసు నింపుతానని కొందరు, గ్యాసు కొడతానని కొందరు అలా పిలిచేవారు. రెండు పక్షాల దగ్గరా సాక్ష్యాలు ఉన్నాయి కనుక నేను వాదనకు పోలేదు.

ఆ సంక్రాంతి నెలలో అత్తిమంజేరిపేట నుంచి ఏకాంబరం అనే ఆయన పాత అంబాసిడర్ తెచ్చాడు. మగ్గాల ఇంట పుట్టి చీరల వ్యాపారంలో కుదురుకున్న మనిషి. ఏసీ ఎవరికని అడిగాను. దర్జాకేమో అనుకున్నాను.

"నా బిడ్డకన్నా. ఏడేండ్లు. పుట్టిందాన్నించీ ఒంట్లో చెమట పట్టదు. ఎండలో నాలుగడుగులు ఏస్తే జొరం ఎక్కేస్తాది. నెలకొకతూరి మద్రాసు ఆస్పత్రికి పోవాల."

చెమటను తిట్టుకుంటూ బతికేవాడిని నేను. అది పట్టకపోవడం ఒక జబ్బని ఆ రోజే తెలిసింది. తెల్లారకముందే రైలెక్కితే పోయేటప్పుడు పరవాలేదట, తిరిగొచ్చేటప్పుడే మిట్ట మధ్యాహ్నం అవుతుందట. తడి దుప్పటి చుట్టి, తోవ పొడుగునా నీళ్ళు చిలకరిస్తూ తెచ్చుకునేవారట. ఆ మాట విన్నాక రెండు రోజుల పనిని నాలుగు రోజులు శ్రద్ధగా చేశాను.

చివరగా నా అలవాటు ప్రకారం ఒక వేల్ బిగించాను. వేల్ అంటే తిరుత్తణి మురుగన్, అదే సుబ్రహ్మణ్యస్వామి, చేతిలోని ఈటె. నేను ఏసీ పెట్టిన ప్రతి కారుకూ ముందు గ్రిల్ మధ్యలో జానెడు ఇత్తడి వేల్ ఉచితంగా పెట్టేవాణ్ణి. బండిని తిరుత్తణి కొండకు తీసుకుపోయి, చందనం, కుంకుమ పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం ఇక్కడ అందరూ చేసేదే. వేల్ మాత్రం నా తరఫు మొక్కుబడి.

నెల తిరగకుండా కారు వెనక్కి వచ్చింది. గాలి వస్తోంది, చల్లదనం లేదు. గ్యాసు తగ్గింది. ఇక్కడొక మాట చెప్పాలి. ఏసీలో గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. సబ్బునీళ్ళు రాసి చూశాను, బుడగ రాలేదు. ఒక ఫ్లేర్ నట్, అంటే రెండు గొట్టాలను కలిపే ఇత్తడి మర, కొంచెం వదులుగా అనిపించింది. దాన్ని బిగించి, గ్యాసు నింపి, "ఇంక చూడక్కరలేదన్నా" అన్నాను. చూడకుండా అన్నమాటే అది.

మార్చిలో ఆ కారు మద్రాసు నుంచి తిరిగొస్తూ ఆవడి దాటగానే వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. తిరువళ్ళూరు చేరేలోపు పాపకు ఫిట్సు వచ్చాయి. ఇక్కడి ఆస్పత్రిలో మూడు రోజులు ఉంచారు. ప్రాణం నిలిచింది గాని, గలగలా మాట్లాడే పిల్లకు మాట నెమ్మదించింది. ఒక్కో అక్షరం వెతుక్కుని పలికేది. తిరిగొస్తే రావచ్చు, రాకపోతే లేదన్నారు డాక్టర్లు. ఏకాంబరం నన్ను తిట్టలేదు. నేనే రబ్బరు గొట్టం పాడైందని తీర్పు చెప్పి, దాన్ని మార్చి, మళ్ళీ గ్యాసు నింపాను.

మే నెలలో మళ్ళీ చల్లదనం తగ్గిందని మూడోసారి వచ్చాడు. ఈసారి ఆయన తల్లి రుక్మిణమ్మవ్వ కూడా వచ్చింది. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుంది. పొద్దున ఎనిమిదికే రేకులు కాలుతున్నాయి.

"ఎల్లుండి ఆస్పత్రికి పోవాలన్నా" అన్నాడు ఏకాంబరం. "రొండుతూర్లు నీ మాట నమ్మినా. ఈతూరి నువ్వు సెరి అంటేనే పాపను ఎక్కిస్తా. లేదంటే పోము. అంతే."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

హాలైడ్ టార్చ్ వెలిగించాను. అదొక చిన్న గ్యాసు దీపం. దాని గొట్టాన్ని లీకు దగ్గర పెడితే నీలం మంట ఆకుపచ్చగా మారుతుంది. కంప్రెసర్ దగ్గర మొదలుపెట్టి మర మరకూ, గొట్టం గొట్టానికీ తిప్పాను. మంట నీలంగానే ఉంది. గ్రిల్ వెనకాల, రేడియేటర్‌కు ముందు ఉండే కండెన్సర్‌ను కూడా బానెట్ తెరిచి పైనుంచి చూశాను. కండెన్సర్ అంటే వేడెక్కిన గ్యాసు చల్లారే రాగి గొట్టాల జల్లెడ. అక్కడా ఏమీ లేదు. ముందువైపు నుంచి మాత్రం చూడలేదు. అక్కడ వేల్ చుట్టూ చందనం, కుంకుమ దట్టంగా ఉన్నాయి. గ్రీజు చేతులతో దేవుడి బొట్టు తుడిచే అలవాటు మా వర్క్‌షాపుల్లో ఎవరికీ లేదు. నాకు మరీ లేదు.

మధ్యాహ్నానికి నా దగ్గర ఉపాయాలు అయిపోయాయి. నేను తల గోక్కోవడం చూసి అవ్వ ధైర్యం చెప్పింది.

"దిగులుపడొద్దు నాయినా. ఈ బండిలో సామి ఉండాడు. నిజంగా ఉండాడు. ఇట్రా, చూపిస్తా."

కారు ముందుకు తీసుకుపోయింది. "మంగళారం మంగళారం నేనే పెడతా కుంకుమ. ఇంట్లో పటానికి పెట్టింది గడియలో ఎండి రాలిపోతాది. ఈడ పెట్టింది చూడు, వారమైనా ఆరదు. తడి తడిగానే ఉంటాది. మా వీధోళ్ళంతా వచ్చి మొక్కిపోతా ఉండారు."

నా ఒళ్ళు చల్లబడింది. ఏసీ మెకానిక్కుకు పట్టకూడని చలి అది.

వేలితో కొంచెం తీసి నలిపాను. జారుతోంది. వాసన చూశాను. నువ్వులనూనె కాదు, నెయ్యి కాదు. కంప్రెసర్ లోపల తిరిగే నూనె గ్యాసుతో కలిసి గొట్టాలంతా ప్రయాణిస్తుంది. చిల్లు దొరికితే గ్యాసు గాలిలో కలుస్తుంది, నూనె మాత్రం అక్కడే మిగిలిపోతుంది.

"దీన్ని తుడవాలవ్వా" అన్నాను.

"సామి బొట్టు తుడస్తావా? నీకేమన్నా పిచ్చా?"

"పాపను ఎక్కించాలంటే తుడవాల."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను గుడ్డ అందించబోతే తోసేసి, తన కొంగుతోనే మెల్లగా, పసిబిడ్డ మూతి తుడిచినట్టు తుడిచింది. తుడిచినచోట సబ్బునీళ్ళు పూశాను. బుడగ లేదు. గ్రిల్ పట్టుకుని ఊపాను. వేల్ వెనక నుంచి ఒక బుడగ పుట్టి, గోలీకాయంత పెరిగి పగిలింది. మళ్ళీ ఊపాను. మళ్ళీ వచ్చింది.

వేల్ ఊడదీశాను. దాన్ని గ్రిల్‌కు బిగించిన బోల్టు మర కావలసినదానికంటే అర అంగుళం పొడుగు. తోక కొస కండెన్సర్ గొట్టానికి ఆనుకుని, కుదుపు కుదుపుకూ రాసుకుని, సూదిమొనంత చిల్లు చేసింది. ఆ మర వెంటే నూనె ముందుకు ఊరి కుంకుమను తడిపింది. కారు ఆగితే ఆ కొసే చిల్లుకు మూతలా అతుక్కుంటుంది, కదిలితే తప్పుకుంటుంది. అందుకే నిలబడ్డ కారులో నాకు లీకు దొరకలేదు.

ఆ మర నాకు తెలుసు. ఆ రోజు సరైన కొలతది లేక డబ్బాలో ఉన్న పొడుగుది వేశాను. తోక రంపంతో కోసెయ్యాలనుకుని, ఉచితంగా పెట్టేదే కదా అని ఊరుకున్నాను.

రోడ్డు కుదుపులు, రాయి దెబ్బ, పాత గొట్టం... చెప్పడానికి కారణాలు చాలా ఉన్నాయి. నమ్మేవాళ్ళే ఇద్దరూ. నోట్లో ఒకటి తయారయింది కూడా. అప్పటికే అవ్వ తన కొంగున అంటిన ఎర్రటి నూనెను చూసుకుంటోంది.

"ఈ మర నేను బిగించిందే అన్నా. తోక కొయ్యాల్సింది, కొయ్యలేదు. మూడుతూర్లూ లీకు ఇదే. తప్పు నాదే."

ఏకాంబరం వంగి, గొట్టం మీది చిల్లును వేలితో తడిమాడు. "అట్లయితే ఆ దినం పాపకు..." అని ఆగిపోయాడు.

"అవునన్నా."

ఆయన వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను అవ్వ ముందు తల వంచుకున్నాను. కారులో ఉన్నది మహిమ కాదు, మెకానిక్కు సోమరితనం అని తెలిశాక ఆమె నన్నేమన్నా పడాలనుకున్నాను.

"నాలుగు నెల్లుగా సామి ఎర్రగా చూపిస్తానే ఉండాడు" అంది అవ్వ. "నేను మొక్కినా. నువ్వు చూల్లేదు. సెరి, ఇప్పుడు పని చెయ్యి."

చేశాను. ఉన్న గ్యాసు వదిలేసి, చిల్లును బ్రేజింగ్ చేశాను. అంటే వెండి కలిసిన కడ్డీని కరిగించి అతికించాను. నైట్రోజన్ నింపి, ఒత్తిడి చూపే గేజ్ తగిలించి, మర్నాడంతా ముల్లు కదులుతుందేమోనని దాని ముందే కూర్చున్నాను. కదల్లేదు. గ్యాసు నింపాక, "సెరి" అనడానికి నోరు రాలేదు. "నేనూ మీతో వస్తానన్నా" అన్నాను.

"రా" అన్నాడు. అంతే.

ముందు సీట్లో, బండి నడిపే ఏకాంబరం పక్కన, కాళ్ళ దగ్గర ఐసు డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. వెనక అవ్వ ఒళ్ళో పాప. తిరుగు ప్రయాణంలో ఆవడి దగ్గర రైల్వే గేటు పడి చాలాసేపు ఆగాం. బయట తారు మెత్తబడుతోంది. నేను గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి, తీయకుండా ఉంచాను. గేటు తెరిచాక వెనక నుంచి పాప గొంతు వినిపించింది. ఒక్కో అక్షరం ఏరుకుంటూ, "అ...వ్వా... స...లి" అంది.

అవ్వ కొంగు కప్పింది. ఏకాంబరం నా వైపు చూడకుండానే చెయ్యి చాచి ఏసీ ఫ్యాను ఒక మెట్టు తగ్గించాడు.

ఆ పాప మాట పూర్తిగా వెనక్కి రాలేదు. బడికి పోయింది, చదువుకుంది, మాట మాత్రం నిదానంగానే మిగిలింది. దానికి నేనేమీ చెయ్యలేను. ఏకాంబరం మరో తొమ్మిదేళ్ళు కారును నా దగ్గరికే తెచ్చాడు. అయితే మునుపటిలా కారు వదిలి టీ తాగడానికి పోయేవాడు కాదు. నేను బిగించే ప్రతి మర దగ్గరా పక్కనే వంగి, వెనకవైపు వేలు పెట్టి తడిమి చూసేవాడు. మొదట్లో నాకు తల కొట్టేసినట్టుండేది. తర్వాత తర్వాత, ఆయన రాని రోజుల్లో కూడా, ప్రతి మర వెనకా నేనే వేలు పెట్టి తడిమేవాణ్ణి.