మా మామయ్య దిద్దిన ప్రసంగాలు

మా మామయ్యను ఎవరైనా మంచివాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంచివాడే, కాదనను. ఆ మంచితనంతోనే మా అమ్మ కుడి కన్ను పోగొట్టాడు. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను, కాబట్టి ఇక్కడ రాయడానికి నాకేం మొహమాటం లేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా ఉన్న మందుల షాపులో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇరుకు కౌంటరు, వెనక పైకప్పు దాకా చెక్క సొరుగులు, ప్రతి సొరుగు మీదా ఆయన చేతిరాతతో మందు పేరు. డాక్టరు చీటీ చదివి, మాత్రల అట్ట మీద పెన్నుతో సూర్యుణ్ణో చంద్రుణ్ణో గీసి, "ఇది పొద్దున, ఇది పడుకోబోయే ముందు" అని రెండుసార్లు చెప్పి పంపేవాడు. చదువు రాని ముసలివాళ్ళు ఆయన డ్యూటీలో ఉన్న వేళ కనుక్కుని మరీ వచ్చేవాళ్ళు. చీటీలో తప్పు కనిపిస్తే మాత్రం, అది ఎంత చిన్నదైనా సరే, తన చేత్తో దిద్దడు. మడిచి డాక్టరుకే తిప్పి పంపుతాడు. "రాసినవాడే దిద్దాలి. నేను దిద్దేస్తే ఆయన రేపు మళ్ళీ అదే రాస్తాడు" అనేవాడు. షాపు యజమాని విసుక్కున్నా, జనం గొణుక్కున్నా ఈ ఒక్క విషయంలో మొండిఘటం.

ఆదివారాలు ఆయన పని వేరు. మా సంఘానికి ఏడాదికి నాలుగుసార్లు ఒక బోధకుడు విమానం దిగి వచ్చేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తెల్ల జేబురుమాలు తీసి గాలిలో ఆడించి మొహం తుడుచుకునేవాడు కాబట్టి నేను ఆయనకు రుమాలు పాస్టరు అని పేరు పెట్టాను. ఆయనకు మన భాష ఒక్క ముక్క రాదు. ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, పక్కన రెండో మైకు పట్టుకున్న మామయ్య దాన్ని మాకు తెలుగులో చెప్తాడు. ఇలా ఆరేళ్ళు సాగింది.

ఆ ఆరేళ్ళూ మామయ్య చేసిన ఘనకార్యం మాకు తెలియదు. రుమాలు పాస్టరుకు బైబిలు సరిగ్గా రాదు. మోషే యొర్దాను నది దాటాడంటాడు. మామయ్య నోట్లో పడేసరికి అది యెహోషువ దాటినట్టయ్యేది. రోగం వచ్చిందంటే ఇంట్లో పాపం ఉన్నట్టే అని ఆయన అరిస్తే, రోగంలో ఉన్నవాళ్ళను ప్రభువు మరవడు అని మామయ్య చల్లగా చెప్పేవాడు. మందు మింగేవాడు దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేస్తున్నాడని ఆయన అంటే, మందు కూడా దేవుడిచ్చిందే అని ఈయన. ఆయన కుండెడు బురదనీళ్ళు పోస్తే ఈయన వడకట్టి మాకు గ్లాసుల్లో మంచినీళ్ళు అందించాడన్నమాట.

అబద్ధ బోధకుణ్ణి ఎలా గుర్తుపట్టాలంటే మా ఆదివారం బడి పిల్లలు కూడా టక్కున చెప్తారు, విన్న మాటను లేఖనంతో సరిచూసుకోవాలని. మేమూ సరిచూసుకున్నాం. బైబిలు ఒళ్ళో పెట్టుకుని, వాక్యం కింద వేలు పెట్టి మరీ చూసుకున్నాం. అన్నీ సరిపోయేవి. సరిపోక ఏం చేస్తాయి, మేము సరిచూసుకున్నది మామయ్య మాటల్ని కదా. అలా మా వేళ్ళతో మేమే ఆ రుమాలు పాస్టరుకు ముద్ర వేసి ఇచ్చాం.

ఇక మా అమ్మ. నేను మిషను కుడతాను, ఎక్కువగా బడి పిల్లల చొక్కాలు. అమ్మ నా పక్కన కూర్చుని కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది. ఆమెకు నీటికాసులు, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. రోజుకు రెండుసార్లు చుక్కల మందు వేసుకుంటే జన్మంతా చూపు నిలుస్తుంది, మానేస్తే పక్కచూపు నుంచి మొదలుపెట్టి మెల్లగా తినేస్తుంది. ఆమె తొమ్మిదేళ్ళు ఒక్క పూట తప్పకుండా వేసుకుంది.

ఒకరోజు కుడిపక్కన జానెడు దూరంలో ఉన్న కత్తెరను అమ్మ తడుముకోవడం చూశాను. తర్వాత తలుపు చట్రానికి కుడి భుజం కొట్టుకుంది. "ఏంటమ్మా, ద్వారబంధంతో పోట్లాట పెట్టుకున్నావా" అని నవ్వాను. నా నవ్వు తగలెయ్య. మూడోసారి మంచినీళ్ళ చెంబును మోచేత్తో తోసేసినప్పుడు గానీ నాకు బుర్ర పనిచెయ్యలేదు. అలమరలో చుక్కల సీసా తీసి చూస్తే దానిమీద గడువు తేదీ దాటిపోయి ఏడు నెలలు.

"మామయ్య ఇస్తున్నాడన్నావు కదమ్మా."

"అన్నాను."

మామయ్యకు ఫోను చేస్తే ఆయన అన్నాడు, "నువ్వు తెస్తున్నావని అక్క చెప్పిందే."

ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పింది మహాతల్లి. ఎందుకంటే, రుమాలు పాస్టరు వేరే ఊళ్ళల్లో చేసిన ప్రసంగాలు ఫోనులో వినడం మొదలుపెట్టింది. అక్కడ అనువాదం చేసేవాడు మామయ్యలాంటి మంచివాడు కాదు, ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. ప్రార్థన చేయించుకున్నాక మందు సీసా ముట్టుకుంటే ఆ ప్రార్థనను కాలితో తన్నినట్టే అని ఆ రికార్డులో ఉంది. అదే ఎవరో ముక్కూమొహం తెలియనివాడు చెప్పుంటే అమ్మ చీపురు తిరగేసేది. కానీ ఈ బోధకుడు ఆమె ఆరేళ్ళు లేఖనంతో సరిచూసుకున్న బోధకుడు. నమ్మింది. తెలిసిన ఆడవాళ్ళ చేత ప్రార్థన చేయించుకుని చుక్కలు మానేసింది. బుధవారం ఆడవాళ్ళ కూటంలో లేచి నిలబడి, నా కళ్ళు బాగైపోయాయని సాక్ష్యం కూడా చెప్పేసింది. ఆ కూటానికి మగవాళ్ళు రారు, నేను కుట్టుపని వదిలి వెళ్ళను. మాకెవరికీ తెలియలేదు.

కంటి డాక్టరమ్మ పరీక్ష చేసి, డొంకతిరుగుడు లేకుండా చెప్పింది. కుడి కన్ను చివర్లో కొంచెం వెలుతురు తప్ప పోయినట్టే, అది తిరిగి రాదు. ఎడమ కన్ను ఈవేళ నుంచి చుక్కలు వేస్తే నిలుస్తుంది. వెయ్యకపోతే ఏడాది తిరిగేలోపు దానికీ అదే గతి.

అమ్మ ఇంటికి వచ్చి కొత్త సీసాను బల్ల మీద పెట్టి, ఒక్క మాట అంది. "అంతమంది ముందు సాక్ష్యం చెప్పానే. ఇప్పుడు ఇది వేసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు. గుడ్డిదాన్నైనా అవుతాను గానీ ఆ పని చెయ్యను."

బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. మా అమ్మ మొండితనం ముందు నాది ఏ మూలకి. నేరుగా మామయ్య షాపుకు వెళ్ళాను. కౌంటరు దగ్గర నలుగురు నిలబడి ఉన్నా లెక్కచెయ్యకుండా, అమ్మ ఆ రికార్డుల్లో విన్నదంతా చెప్పాను.

"నేనెప్పుడూ అలా చెప్పలేదమ్మా" అన్నాడు ఆయన. "మందు మానెయ్యమని నా నోట ఒక్కసారి కూడా రాలేదు."

"నీ నోట రాలేదు మామయ్యా. ఆయన నోట వచ్చింది. నువ్వు మింగేశావు."

నీళ్ళు నమిలాడు. "సంఘం చెడిపోకూడదని... ఎవరి మనసూ విరగకూడదని..."

"డాక్టరు చీటీలో తప్పుంటే ఏం చేస్తావు?"

ఎదురుగా ఉన్న ముసలాయన, "తిప్పి పంపుతాడు, నన్ను రెండుసార్లు పంపాడు" అని అందించాడు.

"చూశావా. మనిషికి ఒక మాత్ర ఎక్కువైతే నీకు నిద్ర పట్టదు. ఆరేళ్ళు విషాన్ని సిరప్పు అని చీటీ అంటించి మాకు పోశావు. ఇప్పుడొచ్చి నీ అక్కకు చెప్పు, వస్తుందేమో కన్ను."

వచ్చాడు పాపం. అమ్మ ముందు కూర్చుని, "ఆయన చెప్పింది ఒకటి, నేను చెప్పింది ఒకటి అక్కా" అన్నాడు. అమ్మ వినలేదు. "నా కళ్ళకోసం నువ్వు ఆ దైవజనుడి మీద నింద వేస్తున్నావురా. డాక్టరమ్మ నిన్ను కూడా భయపెట్టింది" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్తూ కుర్చీకి తగులుకుంది.

తర్వాతి ఆదివారం రుమాలు పాస్టరు వచ్చాడు. మామయ్య ఎప్పటిలాగే రెండో మైకు తీసుకున్నాడు. ఆయన మొహం చూసి, ఈ మనిషి ఈరోజు కూడా మసిబూసి మారేడుకాయ చేస్తాడనే అనుకున్నాను. అమ్మ మూడో వరసలో, నేను పక్కన.

మొదటి వాక్యానికే మామయ్య గొంతు వేరుగా ఉంది. రాగం లేదు, ఓదార్పు లేదు. పాస్టరు ఏం అంటే అదే. మోషే యొర్దాను దాటాడన్నాడు. రెండో వరసలో ఒక ముసలమ్మ, "యెహోషువ కదా నాయనా" అంది.

"మోషే అన్నాడమ్మా ఆయన" అన్నాడు మామయ్య మైకులోనే. బైబిళ్ళు టపటపా తెరుచుకున్నాయి. పాస్టరు అది చూసి జనంలో ఆసక్తి పెరిగిందనుకుని చిరునవ్వు నవ్వాడు. మా సంఘపెద్దకు ఇంగ్లీషు రాదు, తాళాల కొట్టు నడుపుతాడు. ఆయన మాత్రం నవ్వలేదు. మైకు పెట్టె దగ్గరికి జరిగాడు.

తర్వాత పాస్టరు రుమాలు ఆడించి ఇంకో వాక్యం చెప్పాడు. మామయ్య అనువదించాడు. "మీలో ఒక సోదరి విశ్వాసంతో తన చుక్కల మందు పారేసిందని మీ పెద్ద నాకు ఉత్తరం రాయించాడు. ఆమెను చూసి మీ ఇళ్ళలో ఉన్న సీసాలన్నీ పారెయ్యండి, అంటున్నాడు."

ఎవరో స్తోత్రం అన్నారు. మామయ్య పాస్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పి, మళ్ళీ మావైపు తిరిగాడు. "ఆ సోదరి మా అక్క. ఆమె కుడి కన్ను పోయింది. డాక్టరు చూసి చెప్పారు. దీనికి ఏమంటారని ఈయన్ని అడిగాను."

రుమాలు పాస్టరు మొహం తుడుచుకున్నాడు. తడుముకోలేదు కూడా. రెండు ముక్కలు అన్నాడు.

మామయ్య వాటిని ఉన్నవి ఉన్నట్టుగా చెప్పాడు. "అయితే ఆమెలో విశ్వాసం లేదు, అంటున్నాడు. ఆ కన్ను పోవడం ఆమె తప్పే, అంటున్నాడు." ఊపిరి పీల్చుకుని, "ఆరేళ్ళుగా ఈయన చెప్పేది ఇదే. మీరు విన్నది నన్ను. తప్పు నాది" అన్నాడు.

అప్పటికి సంఘపెద్ద మైకు కట్టేశాడు. అయినా ఆ మాట వెనక వరస దాకా వినిపించింది. తర్వాత జరిగింది చెప్పడానికి సిగ్గేస్తుంది. దైవజనుణ్ణి అవమానించాడని ఇద్దరు మామయ్య చొక్కా పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చారు. సాతాను అన్నారు. నిన్నటిదాకా ఆయన గీసిన సూర్యుళ్ళనూ చంద్రుళ్ళనూ చూసి మందులు మింగినవాళ్ళే. సగం మంది లేచి వెళ్ళిపోయారు, సగం మంది కూర్చుని పాట అందుకున్నారు. ఆ సగానికి ఇప్పుడు కొత్త అనువాదకుడు దొరికాడు, వాళ్ళ కళ్ళకు ఏమవుతుందో వాళ్ళిష్టం.

అమ్మ ఇంటికి వచ్చాక కుర్చీలో కూర్చుంది. మామయ్య చిరిగిన కాలరుతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"మీ బావ పోయిన రోజు" అంది అమ్మ, ఆయన్ని చూడకుండా. "ఆ పాస్టరు మనింటికొచ్చాడు. ఈ గదిలోనే నా తల మీద చెయ్యి పెట్టాడు. నువ్వు ఒంటరిదానివి కావమ్మా, నీ కన్నీళ్ళు ఒక్కటి కూడా లెక్క తప్పిపోవు, నీకూ నీ కూతురికీ ప్రభువే ఇంటి పెద్ద అన్నాడు. ఆ మాటల మీదే బతికాను నేను. అవి?"

మామయ్య కాలరు సవరించుకున్నాడు.

"చెప్పరా. అవి ఆయనవా, నీవా?"

"నావక్కా."

"మరి ఆయనేం అన్నాడు?"

"వద్దులే అక్కా."

"ఉన్నదున్నట్టు చెప్పు."

"ఈ ఇంట్లో విశ్వాసం ఉండి ఉంటే మనిషి పోయేవాడు కాదన్నాడు. నువ్వు ఏడుస్తున్నావు. నేను ఆ మాట నీకు చెప్పలేకపోయాను."

నేను దగ్గరికి వెళ్ళబోతే అమ్మ చేత్తో ఆపింది.

"అంత మంచి మాటలు నీ దగ్గరే ఉంటే" అంది, "నువ్వే చెప్పి ఉండొచ్చు కదరా. నా తమ్ముడు చెప్పాడనుకునేదాన్ని. వాడి నోట్లో ఎందుకు పెట్టావు?"

మామయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ పూర్తిగా కలగలేదు. ఆయన బల్ల మీది సీసా అందుకుని మూత తిప్పబోయాడు.

"నువ్వు కాదు" అంది అమ్మ. "అమ్మాయ్, నువ్వు వెయ్యవే. వాణ్ణి బయట కూర్చోమను."

ఆయన సీసాను నా చేతికిచ్చి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మ తల వెనక్కి వాల్చి, ఎడమ కన్ను పెద్దగా తెరిచింది.