ఎల్లారెడ్డికి రెండు దారులు

తొంభైల చివర్లో నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. నాకు రేడియో పిచ్చి అంటించింది మా చిన్నాన్న, నేను చాచా అనేదాన్ని. ఆయన సర్కారు కొలువులో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి, రిటైరయ్యాక ఎల్లారెడ్డిలో ఉండేవాడు. ఇంట్లోనే సొంత సెట్టు పెట్టుకుని దూరపువాళ్లతో మాట్లాడే హామ్ రేడియో లైసెన్సు పరీక్షకు నన్ను తయారు చేసింది ఆయనే. నా సెట్టు మాట నేరుగా ఎల్లారెడ్డికి అందేది కాదు. లింగంపేటలో ఒక టీచరు, గాంధారిలో మందుల దుకాణం నడిపే ఒకన్న మాలాంటి లైసెన్సుదారులే. వాళ్లలో ఎవరో ఒకరు నా మాట విని చాచాకు తిరిగి చెప్పేవారు. పొద్దున్నే నలుగురం అలా కలుసుకునేవాళ్లం.

కొన్నాళ్లకు చాచాకు వినికిడి తగ్గింది. ఒకరోజు "మల్ల చెప్పుండ్రి, మల్ల చెప్పుండ్రి" అని నాలుగుసార్లు అడిగి, సెట్టు ఆపేశాడు. తర్వాత పలకలేదు. బస్సెక్కి వెళ్లి చూస్తే సెట్టు మీద దుప్పటి కప్పి ఉంది.

"బతుకంత చెవుల మీదనే బతికిన బిడ్డా. ఇగ గిది నాకెందుకు?" అన్నాడు.

మాట వినబడకపోతే అక్షరం పంపుదామనుకున్నాను. కాలేజీవాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటర్లు నలుగురికీ తలా ఒకటి చొప్పున అడిగి తెచ్చుకున్నాను. వాటిని రేడియోలకు కలిపే చిన్న పెట్టెలను నేనూ, గాంధారి అన్నా కూర్చుని అతికించాం. ప్రోగ్రాము మాత్రం నన్ను ఏడిపించింది. లింగంపేట మీదుగా పొమ్మని రాస్తే, అక్కడ కరెంటు పోయిన రోజు సందేశం దారిలోనే ఆగిపోయేది. గాంధారి మీదుగా మారుద్దామంటే ప్రోగ్రాము మొత్తం తిరగరాయాల్సి వచ్చేది. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడిపోయేది.

నా గోడు కాగితం మీద రాసి చాచాకు చూపించాను. చదివి నవ్వాడు.

"డ్యూటీల ఉన్నప్పుడు ఎవరి మాట ఎవరికి అందుతదో చీటీ మీద రాసుకుంటుంటిమి. ఒక టేషన్ బందైతే చీటీ మార్చినం. దానికోసం సెట్టు విప్పినమా ఏంది?"

తిరుగు బస్సులో ఆ మాటే మనసులో తిరిగింది. ఇంటికొచ్చి ప్రోగ్రామును రెండుగా విడదీశాను. పంపడం, అందుకోవడం, తప్పులు సరిచూడడం ఒక చట్రంలో కదలకుండా ఉండిపోయాయి. దారి ఎంచుకునే నియమాన్ని విడిగా పెట్టాను. ఒక నియమం తీసి ఇంకోటి తగిలించినా మిగతాది చెక్కుచెదరదు. అప్పటినుంచి రకరకాల నియమాలు రాసి చూశాను. ఘడియకోసారి పక్క సెట్లను పలకరించే నియమం పెడితే గాలంతా ఆ పలకరింపులతోనే నిండిపోయి అసలు సందేశానికి చోటు మిగల్లేదు. సందేశం ఉన్నప్పుడే దారి వెతికే నియమం మాకు కుదిరింది.

ఒక ఆదివారం పొద్దున లింగంపేట టీచరును సెట్టు ఆపమన్నాను. చాచాకు రెండు ముక్కలు టైపు చేసి పంపాను. తెర మీద ఏమీ కదలలేదు. చాలాసేపటికి, సందేశం గాంధారి మీదుగా చేరిందని చూపించింది. ఆ వెనకే చాచా జవాబు వచ్చింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాలతో ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టినట్టుంది.

"సాఫ్ వినబడ్డది బిడ్డా."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

చాచా పోయేదాకా ప్రతి పొద్దునా ఆయన రాతతోనే నాకు తెల్లవారేది. ఎల్లారెడ్డిలో వాన పడిందా, ఇంట్లో ఏం వండారు, ఏ పాత దోస్తు కలిశాడు, అన్నీ రాసేవాడు. "ఇదివరకు రేడియో ఇనుకుంట నా మాట ఇనకపోతుండె, ఇప్పుడు టైపు కొట్టుకుంట ఇంటలేడు" అని నేను వెళ్లినప్పుడల్లా చాచీ నాతో గొడవపడేది. ఆమె తిట్లు కూడా ఆయన పొల్లుపోకుండా రాసి పంపేవాడు.