టేబుల్ ఫ్యాన్‌కి కట్టిన మౌస్

ఇవ్వాళ మధ్యాహ్నం సిబ్బంది పనిగంటల రిపోర్టు చూస్తుంటే ఒక వింత కనపడింది. మా టీంలో ఇంటి నుంచి పనిచేసే శీను మౌస్ రెండు గంటలుగా ఆగకుండా కదులుతోంది. ఒక్క అక్షరం మాత్రం టైప్ కాలేదు. అతనిది దుమ్ముగూడెం దగ్గర ఊరు. ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నవ్ శీనూ?"

"పనిలోనే ఉన్న సార్."

వెనక నుంచి వాళ్ళమ్మ కేక వినిపించింది. "ఆ ఫోన్ అవతల పెట్టి టార్పాలిన్ కొస పట్టుకోరా, వాన మీదికొచ్చింది!"

ఇక శీను దాచలేదు.

"కల్లంల మిర్చి ఉంది సార్. మౌస్‌ని టేబుల్ ఫ్యాన్ మెడకి దారంతో కట్టి వచ్చిన. అది అటూ ఇటూ తిరుగుతుంటే ఇది గూడ కదుల్తది."

"పోయిన నెల గిట్లనే చేసి ఒకతను ఉద్యోగం పోగొట్టుకున్నడు, ఎరుకేనా? ఒక్క మాట అడిగితే సెలవు ఇయ్యనా?"

"తప్పయింది సార్."

"సరే, ముందు మిర్చి కప్పు. జల్దీ."

పన్నెండు నుంచి సెలవు అని రాసి రిపోర్టు పై ఆఫీసుకి పంపాను. సాయంత్రం 'ఒక్క కాయ తడవలే సార్' అని మెసేజ్ పెట్టాడు.

గట్టిగా తిట్టాల్సింది. కానీ మా ఆవిడ పోయిన కొత్తలో నేనూ రోజుల తరబడి ఆఫీసులో ఊరికే మౌస్ కదిలిస్తూ కూర్చున్నాను. నాకు ఫ్యాన్ ఆలోచన రాలేదు, చేత్తోనే కదిలించాను. ఎవరూ కనిపెట్టలేదు.

మీలో ఇంకెవరున్నారు? చెప్పండి, రిపోర్టులో రాయను.