అన్నంలో పోసుకున్న కాఫీ

ఈ ఉదయం నేనన్న ఒక్క మాటకు మా ఇంటికొచ్చిన కొత్త కోడలు తినబోతున్న కంచం పక్కన పెట్టేసింది. మా తమ్ముడి కొడుకు దుబాయిలో తనతోపాటు పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెళ్లి చేసుకుని, మొదటిసారి బందరు తీసుకొచ్చి అయిదు రోజులైంది. పెట్టిందల్లా తింటూ, ఏదీ అడగడానికి మొహమాటపడే ఆ పిల్ల ఇవాళే తొలిసారి తన ఊరి కాఫీపొడిని గిన్నెలో మరిగించి, పాలు కలపకుండా, వేడన్నంలో పోసుకుని కూర్చుంది. నేను నవ్వి, ఎవరైనా చూస్తే మా ఇంట్లో కూర లేదనుకుంటారమ్మా అని, ఆమెకు బాగా అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే అన్నాను.

"సారీ మామయ్యగారూ" అని తనూ నవ్వి, కంచం తీసేసింది.

"పదకొండేళ్లు ఓడల మీద తిరిగొచ్చిన మనిషేనా అండీ మీరు" అంది మా ఆవిడ.

ఆ మాటతో మా ఓడ వంటాయన గుర్తొచ్చాడు. నేను సరుకు ఓడలో ఇంజను గది పనికి చేరిన కొత్తలో ఆయనే మాకు వండిపెట్టేవాడు. ఆయనదీ ఫిలిప్పీన్సే, బతంగాస్ అనే కాఫీ తోటల సీమ. పొడిని నీళ్లలోనే వేసి కుతకుత ఉడికించి, పిప్పి అడుక్కి దిగేదాకా ఓపిగ్గా ఆగి, పైన తేరిన నల్లటి కాఫీని గరిటెతో ముంచి, బెల్లంలాంటి ముడి చక్కెర వేసి ఇచ్చేవాడు. ఆ వాసన నూనె కంపును దాటుకుని ఇంజను గది మెట్లు దిగి వచ్చేది. వాళ్ల ఊళ్లో ఇంటికెవరొచ్చినా ముందు ఆ కాఫీయేనట, పొద్దున్నే పిల్లలకు అన్నంలో అదే పోసి ఎండుచేప నంజుకోమనేవారట. ఆయనా అలాగే తినేవాడు. దాన్ని నేను నలుగురిలో ముష్టి తిండి అని నవ్వాను, అందరూ నవ్వారు. ఆయన మర్నాటి నుంచి మా బల్ల దగ్గరకు రాకుండా పొయ్యి పక్కనే నిలబడి తినేవాడు. నా కప్పు మాత్రం ఎప్పటిలాగే ముందు నింపేవాడు.

అందరికంటే గట్టిగా నేనెందుకు నవ్వానో ఇప్పటికైనా ఒప్పుకోవాలి. నాగాయలంకలో నాన్న పడవ ఖాళీగా తిరిగొచ్చిన రోజుల్లో మా అమ్మ అన్నంలో గంజి పోసి, ఉప్పుకల్లు వేసి, ఒక్క ఎండుచేపను కాల్చి అందరికీ తుంచి పెట్టేది. వంటాయన కంచంలో నాకు మా ఇల్లు కనిపించింది. అది మిగతావాళ్ల కంట పడకూడదని నవ్వాను. ఆయన ఓడ దిగి వెళ్లిపోయే రోజు కూడా క్షమించమని అడగలేకపోయాను. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో తెలియదు.

ఇప్పుడు మా వీధిలో గంజి వార్చే ఇల్లు లేదు, కాఫీ అంటే పొట్లం చింపి పాలలో కలుపుకునేదే. ఆకలి పోయింది, మంచిదే. కానీ ఒక్క చేపను ఆరుగురికి సమంగా తుంచిన ఆ చెయ్యి మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

మధ్యాహ్నం బజారుకు వెళ్లి ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చి నేనే వేయించాను. కోడల్ని అడిగి పొడి తీసుకుని, వంటాయనలాగే పిప్పి దిగేదాకా ఆగాను. రెండు కంచాల్లో అన్నం పెట్టి, ఒకటి కోడలి ముందుంచి, ముందు నా అన్నంలో పోసుకుని కలుపుతుంటే, పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదేంటండీ, అన్నంలో కాఫీయా?"

"మా కోడలి ఊరి భోజనమండీ, మీరూ రండి" అన్నాను.

అప్పుడు ఆ పిల్ల తన కంచం దగ్గరకు లాక్కుంది.