అక్క రొమ్ములో గడ్డ, అత్తయ్య వేసిన పట్టు

మా అక్కకు రెండో కాన్పయిన కొన్నాళ్ళకు ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ తగిలింది. మా అమ్మ రొమ్ములో లేచిన రాచపుండుతోనే పోయింది కనుక ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందరి మనసులోనూ అదే ఉంది. మా మేనత్త రోజూ సున్నమూ బెల్లమూ కలిపి గడ్డమీద పట్టు వేసింది. కరగలేదు. ఇక లాభం లేదని కాలువ పడవలో రాజమండ్రి మిషను ఆసుపత్రికి బయలుదేరాము. నాటుమందు వేస్తే అక్కడి డాక్టరు దొరసాని గారు కేకలేస్తారని విని, అత్తయ్య ఆ ఎండిన పట్టంతా ముందే గోకి తీసేసింది.

డాక్టరు దొరసాని గారు అక్కను కిటికీ వెలుగులో కూర్చోబెట్టి చూశారు. చర్మం ఎర్రగా కమిలి, ముడతలు పడి ఉంది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"పైన ఏమైనా రాశారా?"

"అబ్బే, ఏమీ లేదండి," అంది అత్తయ్య.

"చర్మం ఇలా ముడుచుకుపోతే మంచిది కాదమ్మా. రొమ్ము తీసెయ్యాల్సి రావచ్చు."

అక్క బిడ్డను గట్టిగా అదుముకుంది. పత్రికలో చూసి నాన్న చెప్పిన సంగతి గుర్తొచ్చి నేను అడిగాను. "ఒంట్లోపలికి ఫోటో తీసే యంత్రం వచ్చిందటండి. దానితో చూడకూడదాండి?"

"అది ఎముకల్ని చూపిస్తుందమ్మా. ఇలాంటి గడ్డని చూపించదు. నాకున్నవి ఈ కళ్ళూ, వేళ్ళూ."

అత్తయ్య బావురుమంది. "ఆ కళ్ళనే నేను మోసం చేశానండీ! సున్నంబెల్లం పట్టు వేశాను. గోకితే తోలు ఊడొచ్చింది. నన్ను తిట్టండి, పిల్లని మాత్రం కొయ్యకండి!"

"పెద్దమ్మా! నీ సున్నాన్ని చూసి కత్తి తీసేదాన్ని కదా!"

ఆవిడ మళ్ళీ తడిమి చూశారు. గడ్డ వేళ్ళ కింద సులువుగా కదులుతోంది, రాచపుండులా లోపల అతుక్కుని లేదన్నారు. సన్నటి సూది గుచ్చి లాగితే చిక్కటి పాలు వచ్చాయి. గడ్డ అణిగిపోయింది.

"పాలు నిలిచిపోయాయి, అంతే. మళ్ళీ ఉబ్బితే వెంటనే రండి. ఏమీ రాయకుండా రండి."

"ఏమే, ఇన్ని పాలు దాచుకుని చంటాణ్ణి ఏడిపించావుటే!" అంది అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ. అక్క పగలబడి నవ్వింది.

తిరుగు పడవలో దేవునికి స్తోత్రం చెప్పుకుందామని తల వంచాను. పక్కన అత్తయ్య ఆ సూది ఎంత పొడుగో అందరికీ చేతులతో చూపిస్తోంది. చూపించిన ప్రతిసారీ అది పెరుగుతోంది. నవ్వు ఆగక, నవ్వుతూనే చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనుకొని ఉండడు.