నూరని సూది

పందొమ్మిదివందల అరవైల్లో ఒక మధ్యాహ్నం మైపాడు బస్సులో నా పక్కన కూర్చున్న నర్సు సంచిలోంచి చిన్న సానరాయి జారిపడింది. తీసిచ్చి, కత్తులకా అని అడిగాను.

"సూదులకక్కా. మొద్దుబారితే నూరి, ఉడకబెట్టి మళ్ళీ వాడతాం," అంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"మా నాయనకు లేని దొంగతనం అంటగట్టి, కళ్ళంలో కట్టేసి కొట్టించిన ఆసామి మా వార్డుకే వచ్చినాడు. డాక్టరుగారు పది రోజులు సూదులు రాసినారు. మందు చుక్క తగ్గించలా, వేళ తప్పలా. ఆయన సూది మాత్రం నూరలా."

"అరిచినాడా?" ఆత్రంగా అడిగాను.

"ఏడ! రోజూ పళ్ళు బిగబట్టి ఓర్చుకొని, నాకే దండం పెట్టేవాడు. ఎందుకు నొప్పెడతా ఉందో ఆయనకు తెలీకపోతే నాకేం లాభం? ఆఖరి రోజు సూది బాగా నూరి, మా నాయన పేరు చెప్పి వేసినా. నొప్పి లేని ఆ సూదికే కేకలు పెట్టినాడు."

"తప్పు గదమ్మా?"

"తప్పే. మళ్ళీ వస్తే మళ్ళీ అంతే," అని రాయిని సంచిలో వేసుకుంది.

ఇప్పుడు సూదులు ఒక్కసారి వాడి పారేస్తున్నారు. అయినా ఏ నర్సు సూది పట్టుకుని వచ్చినా, ముందు వాళ్ళ నాయన పేరు అడుగుతాను. మాకూ ఒక కళ్ళం ఉండేది.